కత్తెర నీ చేతికే

తమ్ముడూ లమార్, వెర్నా అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమే.

క్రిస్మస్ మర్నాటి పొద్దున సన్నగా మంచు పడుతోంది. నాన్న జింక వేటకని చెకుముకి తుపాకీని తడవకుండా కోటు కింద దాచుకుని, వాగు గట్టున ఎప్పుడూ నువ్వు కూర్చునే చోటు వదిలి పక్కన కూర్చున్నాడు. జింక ఎదురుగానే వచ్చి నిలబడింది. నాన్న మీట నొక్కితే పైన తుపాకీమందు భగ్గుమంది గాని, లోపలి మందు చెమ్మగిల్లి తుపాకీ పేలలేదు. జింక నాన్నను ఓసారి చూసి తీరిగ్గా నడిచిపోయింది.

"తప్పినట్టే లెక్క. గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి గోడకు కొట్టడం మన ఇంటి ఆనవాయితీ, కొయ్యాల్సిందే నాన్నా," అన్నాడు మన హార్లన్.

"కొయ్యండ్రా. కత్తెర మాత్రం కిందటిసారి గురి తప్పినవాడే పట్టాలి."

గోడకు కొట్టిన ఆఖరి చొక్కా ముక్క నీదే.

ఓడలో కడుపునిండా పెడుతున్నారా? ఎప్పుడు దిగుతావో రాయి. పూటపూటా నీ కోసం ప్రార్థిస్తున్నాను.

సాయంత్రం అందరం తేల్చుకున్నాం, నువ్వు వచ్చేదాకా ఆ చొక్కా ఎవరూ కొయ్యకూడదని. నాన్న దాన్ని ఉతకడానికి కూడా విప్పనంటున్నాడు.