పొగగొట్టానికి మట్టి మెత్తిన రోజు

శుక్రవారం, రాత్రి

మా పాత వంటింట్లో పొగ ఇవాళ్టికి ఆగింది. చనిపోయిన నా కొడుకు శీనుకి స్నేహితుడైన మస్తాను పిలవకుండానే వచ్చి పొగగొట్టం బాగుచేశాడు. గొట్టం మీద తడి గోనె కప్పి, పొయ్యిలో ఎండుమిరపకాయలు వేశాడు.

"ఎక్కడ ఘాటు కొడితే అక్కడే చిల్లు, అమ్మా."

"ఏరా, చిల్లు దొరికేలోగా నీ ముక్కు ఊడిపోద్ది."

పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో గొట్టాలకు మెత్తినట్టు అతుకులన్నిటికీ మట్టి మెత్తాడు. చల్లగా ఉండాలి మస్తాను, వాడూ నా బిడ్డే.

ఇన్నాళ్ళూ కళ్ళనీళ్ళెందుకని కోడలు అడిగితే, పొగకి కళ్ళు మండుతున్నాయనేదాన్ని. సాయంత్రం అన్నం వారుస్తుంటే ఏడుపొచ్చింది. చెప్పుకోడానికి పొగ లేదు. కోడలు పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. శీను పోయాక ఇద్దరం కలిసి ఏడ్చింది ఈ రోజే, మస్తాను పుణ్యమా అని...