ఎనభై గుడ్డల మూట

నేను, మాచనపల్లి శ్రీపతిరావు, బి.ఎ., తండ్రి కీర్తిశేషులు నరసింహారావు, వయస్సు అరవై అయిదు, స్వస్థలం కోదాడ దగ్గర గుర్రాలగూడెం, ప్రస్తుత నివాసం మిర్యాలగూడ, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉంది. గుండె మాత్రం స్థిరంగా లేదని దవాఖానలో చెప్పారు. అది ఈ పత్రానికి అడ్డు కాదు. ఇలా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెడుతున్నవాడు ఒకడున్నాడు గాని, అతను కోరేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

నా భార్య గిరిజ 1973 మే నెలలో చనిపోయింది. మాకు ఒక్కతే కూతురు, జానకి. సూర్యాపేటలో బడిపంతులమ్మ. నాకు ఒక తమ్ముడు, సత్యనారాయణరావు. గుర్రాలగూడెంలో మా తాతలనాటి గడిలో ఉంటాడు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని రామ్మూర్తి గారిది. ఆయన మాకు చుట్టం కాదు. అందుకే ఆయనను ఎంచుకున్నాను. మిల్లు చప్పుడులో నలభై ఏళ్ళు గడిపినవాడు గనుక మా తమ్ముడు గొంతు పెంచినా ఆయనకు పెద్దగా వినపడదు.

2. ఈ ఇల్లు జానకికి. మా ఇంట్లో పనిచేసే యాదమ్మ బతికినంతకాలం వెనక గదిలో ఉంటుంది. ఆమెను ఎవరూ లేవమనకూడదు. చివరి మూడు నెలలు గిరిజను ఎత్తి కూర్చోబెట్టింది యాదమ్మే. గిరిజ రాగి చెంబు కూడా ఆమెకే చెందుతుంది. ఇప్పటికే ఆమె దగ్గరే ఉంది, నేను అడగలేదు.

3. మా వంశపు సైనిక కాగితాలు పచ్చ పెట్టెలో ఉన్నాయి. నిజాం గుర్రపుదళం రిసాలాలో రిసాల్దారుగా చేసిన మా తాత రంగారావు ఉత్తర్వులు, మొదటి ప్రపంచ యుద్ధంలో అశ్వదళంతో ఈజిప్టు పోయిన మా చిన్నాయన ఉత్తరాలు ఇరవై మూడు. అన్నీ జానకికి. మా తమ్ముడు వీటిలో వీరత్వం ఉన్నవి ఏరి పుస్తకం వేయిస్తానంటున్నాడు. పదకొండో ఉత్తరంలో చిన్నాయన తన గుర్రం చచ్చిపోయిందని, ఇంటికి పిలిపించుకోమని ఏడ్చాడు. అది కూడా ఉండాలి. ఒక్క కాగితం తీసినా మిగతావి అబద్ధమవుతాయి. అడిగినవారికి జానకి అన్నీ చూపించాలి.

4. తాత కత్తి మా తమ్ముడికి. చిన్నప్పటినుంచి అతనికి దానిమీద కన్ను. నాకు ఎన్నడూ బరువే.

5. ఇక మూట సంగతి.

తెలియనివారి కోసం రాస్తున్నాను. మా ఇంట్లో దసరానాడు కత్తి పక్కన ఒక మూటను పెట్టి పూజించడం ఆచారం. తాత పరాక్రమానికి మెచ్చి నిజాం సర్కారు ఊరి చెరువు కింద అరవై రెండెకరాలు ఇచ్చిన సనదు అందులో ఉందని చెప్పేవారు. మూట విప్పకూడదు. ఏటా పాత గుడ్డ మీదే కొత్త గుడ్డ చుట్టాలి. కొత్త కోడలు వచ్చిన ఏడు ఆమె పెళ్ళిచీర అంచు చుట్టాలి. నేను ఆ మూటకు జమ్మి ఆకు పెట్టి మొక్కుతూ పెరిగాను.

1947లో దొరలకు ఎదురుతిరిగిన సంఘంవాళ్ళు గడిలోని కాగితాలన్నీ వాకిట్లో పోసి తగలబెట్టారు. మేమప్పుడు హైదరాబాదులో ఉన్నాము. ఈ మూట ఒక్కటే మిగిలింది. దాన్ని మిగిల్చినవాడు చెరువు పక్క లంబాడీ తండాకు చెందిన హేమ్లా. మంటలో వేయబోతే, అది దేవుని మూట, ముట్టొద్దని అతనే అడ్డుపడ్డాడట. ఈ మాట తర్వాత గిరిజకు తనే చెప్పాడు.

1969 ఎండాకాలంలో మూటకు చెదలు పట్టింది. గిరిజ విప్పింది. మైల వచ్చిన ఏళ్ళు పోగా ఎనభై గుడ్డలు. ఆమె తండ్రి కోర్టులో శిరస్తదారు. చిన్నప్పుడే ఆమెకు ఫార్సీ నేర్పించాడు. నాకు ఉర్దూ వచ్చుగాని ఆ గొలుసుకట్టు ఫార్సీ రాదు. లోపల సనదు లేదు. 1293 ఫస్లీ, అంటే 1884 నాటి ఫైసలా ఉంది. అడవి కొట్టి, చెరువు కట్ట పోసినవారు తండావారు గనుక ఆ అరవై రెండెకరాలు వారివేనని జిల్లా అధికారి తాలూక్‌దారు తీర్పు. ఒప్పుకుంటూ మా తాత ముద్ర. ఒకే మాటలతో రెండు ప్రతులు. ఒకటి మాది. రెండోది తండాకు అందజేయమని తాత చేతికి ఇచ్చినది.

ఆయన రెండూ తెచ్చి మూటగట్టాడు. మిగతాది పసుపు కుంకుమలు చూసుకున్నాయి.

గిరిజ ఫైసలాను తెలుగులో రాసి నా బల్ల మీద పెట్టింది. ఒక్కటే అడిగింది: “చదవకముందు మనకు తెల్వదు. చదివినంక ఏమంటరు దీన్ని?” ఇంటి పరువు, తమ్ముడు, చూద్దాం అనుకున్నాను. ఆమె ఎనభై గుడ్డలూ మళ్ళీ చుట్టింది. ఆ తర్వాత నాలుగు దసరాలు నేను మొక్కాను. ఆమె మొక్కలేదు. కొత్త గుడ్డ మళ్ళీ ఎవరూ చుట్టలేదు. నన్ను మళ్ళీ అడగనూ లేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇప్పుడు భూముల సీలింగు చట్టం వచ్చింది. చెరువు కింద పొలం దున్నేవాడి పాలు కాకుండా మా తమ్ముడు హేమ్లా మీద సూర్యాపేట కోర్టులో దావా వేశాడు. సనదు ద్వారా సంక్రమించిన భూమిని ఇతను అక్రమంగా దున్నుతున్నాడని అందులో రాయించాడు. ఈ నెల 24న విచారణ. పోయిన నెల నేను తమ్ముడికి అసలు సంగతి చెప్పాను. “పొయ్యిల పెట్టు అన్నా. సనదు గా మంటలల్ల కాలిందని చెప్త” అన్నాడు. పెట్టనన్నాను. “వదినె పోయినా వదినె మాట పోలేదు నీ ఇంట్ల” అన్నాడు. నాతో అతను అన్న మాటల్లో నిజమైనది అదొక్కటే. సోమవారం జీపులో వచ్చి మూట పట్టుకుపోతానని కబురు పంపాడు. రేపే సోమవారం.

కాబట్టి నా మరణానంతరం పై ఫైసలా తండా ప్రతి హేమ్లాకు చెందవలెను. మా ప్రతిని, గిరిజ తెలుగు రాతతో సహా, రామ్మూర్తి గారు కోర్టులో దాఖలు చేయవలెను.

6. ఆ అరవై రెండెకరాల్లో కాగితాల ప్రకారం నాకున్న సగభాగం హేమ్లాకూ తండావారికీ. ఇది దానం కాదు. దానమని ఎక్కడా రాయకూడదు.

7. అయిదవ నిబంధన చివరి పేరాను రద్దు చేస్తున్నాను. “నా మరణానంతరం” అని రాసిన చోట కలం ఆగింది. అది ఎనభై ఒకటో గుడ్డ. పొద్దున్నే హేమ్లాకు మనిషిని పంపాను. మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. ఉర్దూ, ఫార్సీ పాఠాలు చెప్పి రిటైరైన రాజమౌళి గారు అసలు కాగితాన్ని, గిరిజ రాతను పక్కపక్కన పెట్టుకుని చదివి వినిపించారు. ఒక్క మాట కూడా దిద్దలేదు. హేమ్లా కాగితం మీది ముద్రను వేలితో తడిమాడు. “అయితే నేను కాపాడింది నా కాయితమేనా, దొరా” అన్నాడు. అవునన్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. దానికీ అతనే ఏదో ఒకటి ఇవ్వాల్సి వస్తుందని మానుకున్నాను.

కాగితం నలగకుండా చుట్టుకొమ్మని ఒక తువ్వాలు ఇచ్చాను. “గుడ్డ వద్దు దొరా. కనపడనీ” అన్నాడు. చేత్తో పట్టుకునే బస్టాండుకు నడిచాడు. మా ప్రతి, గిరిజ రాతతో సహా, రామ్మూర్తి గారి మిల్లుకు చేరింది; 24న ఆయన కోర్టులో దాఖలు చేస్తారు. ఇకనుంచి నా ప్రాణం ఉన్నా పోయినా ఆ రెండు కాగితాలకు ఏమీ కాదు.

8. గుడ్డల్లో లోపలినుంచి లెక్కపెడితే యాభై రెండోది గిరిజ పెళ్ళిచీర అంచు, ముదురు ఆకుపచ్చ. అది జానకికి. మిగతా డెబ్బై తొమ్మిదీ ఎప్పటిలాగే ఒకదాని మీద ఒకటి చుట్టించాను. మూట మా తమ్ముడికి. రేపు వస్తే యాదమ్మ ఇస్తుంది. ఇన్నేళ్ళూ విప్పకుండా మొక్కినట్టే ఇకమీదటా మొక్కవచ్చు. లోపల ఏమీ లేదు.

1975 మార్చి 9, ఆదివారం, సాయంత్రం అయిదు గంటలకు, మిర్యాలగూడలో, కింద పేర్కొన్న సాక్షులిద్దరి ఎదుట చదువుకుని సంతకం చేశాను.

(సం.) మాచనపల్లి శ్రీపతిరావు

సాక్షులు:
1. (సం.) రాజమౌళి, విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ
2. (సం.) పుష్పాబాయి, దవాఖాన నర్సు, మిర్యాలగూడ

ఫైసలా ప్రతి ఒకటి ఈ రోజు నా చేతికి ముట్టింది: హేమ్లా, తండ్రి దీప్లా. ఎడమ బొటనవేలి ముద్ర.