అందని మేలుకొలుపు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్యా, నేనూ కులాసా. అక్కడ మీరూ, మీరు కడుతున్న వంతెనా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఎందుకంటారా? చెప్తాను, కంగారు పడకండి.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. అత్తయ్య మోకాలు నయం. కర్ర పట్టుకోమంటే "నేనేం ముసలిదాన్నటే?" అని ఆ కర్రతోనే నన్ను బెదిరించారు. మీ పాత చొక్కాలు ఎవరికైనా ఇచ్చేయమన్నారు మీరు. ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

ఇక మా ఆఫీసులో మొండికేసిన ఆ డ్రైవరు సంగతి. కంప్యూటరు లోపల డిస్కుతో మాట్లాడే ప్రోగ్రామునే డ్రైవరంటారని ఎంత చెప్పినా, అత్తయ్య రోజూ "పాపం, వాడు భోంచేశాడా?" అనే అడుగుతారు. అది ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. ఒక్క ఎర్రరు చూపిస్తే ఒట్టు, మెషిను మొత్తం కొయ్యబారిపోయేది. ఎక్కడ ఆగుతోందో చూద్దామని 'ఇక్కడిదాకా వచ్చాను' అని ప్రింటు చేసే లైనొకటి మధ్యలో పెడితే శుభ్రంగా నడిచేది. తీసేస్తే మళ్లీ అదే పాట. ఆ ప్రింటుకు పట్టే రెప్పపాటు ఆలస్యమే దాన్ని కాపాడుతోందన్నమాట. మా టీం లీడరు "ఆ లైను ఉంచేసి పంపించెయ్యమ్మా, నడుస్తోందిగా!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "నడవట్లేదండీ, నేను చూస్తున్నానని నటిస్తోంది" అన్నాను.

చివరికి దొరికింది. ఆ ప్రోగ్రాములో రెండు భాగాలున్నాయి. ఒకటి, చేసే పనేమీ లేదని చూసుకుని నిద్రపోతుంది. డిస్కు నుంచి సమాధానం రాగానే ఇంకొకటి దాన్ని లేపాలి. చూసుకోవడానికీ, నిద్రపోవడానికీ మధ్య సందులో ఆ పిలుపు వచ్చిందనుకోండి, ఇంకా పడుకోనేలేదు కాబట్టి పిలుపు గాలికి పోతుంది. ఆ తర్వాత ఇది పడుకుంటుంది. లేపాల్సింది 'నేను లేపేశాగా' అని తన దారిన తాను పోతుంది. ఇక లేపే దిక్కే లేదు. 'పడుకోబోతున్నాను' అని ముందే చెప్పి, ఆ తర్వాత పనేమైనా వచ్చిందా అని చూసుకుంటే చాలు. రెండు లైన్ల వరస మార్చాను, అంతే. ప్రింటు లైను తీసేసినా ఇప్పుడు ఆగడం లేదు. టీం లీడరే అందరికీ కాఫీ తెప్పించాడు.

అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చిందండీ. అది కూడా సంతోషంతో కాదు.

ఆ సాయంత్రమే మీరు ఫోన్ చేసి, "ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు. నెలాఖరుకి సంతకం పెట్టాలి. నీకేం ఇబ్బంది లేదుగా?" అన్నారు. "నాకేం, నిక్షేపంలా ఉన్నాను" అన్నాను. అబద్ధం కాదు. మీ గొంతు వినపడుతున్నంతసేపూ నిక్షేపంలానే ఉంటాను. ఫోన్ పెట్టేశాక చూడాలి నన్ను. గిన్నె చేత్తో పట్టుకుని వంటింట్లో అలా నిలబడిపోతాను. ఎందుకొచ్చానో గుర్తుండదు. అత్తయ్య వచ్చి భుజం తట్టి "ఏమ్మా, ఏం కావాలి?" అంటే గానీ కదలను. ఏం కావాలో ఆవిడకు ఎలా చెప్పను? మంచమంతా ఖాళీగా ఉన్నా మీ వైపు జరగను. ఈ మనిషిని మీరెప్పుడూ చూడలేదు. మీరు పలకరించగానే మాయమైపోతుంది మరి.

అందుకే మీ గొంతు చెవిలో లేనప్పుడు కూర్చుని రాస్తున్నాను. సంతకం పెట్టకండి. అత్తయ్యకు తోడు కావాలనో, ఇల్లు చూసుకోలేకపోతున్నాననో వంకలు చెప్పను. అవన్నీ జరిగిపోతున్నాయి. నాకు మీరు కావాలి. మీరు లేకుండా నాకు ఏమీ బాగాలేదు.

ఇది చదివి కంగారుపడి ఫోన్ మాత్రం చెయ్యకండి. చేస్తే మళ్లీ నిక్షేపంలా ఉన్నాననే అంటాను. బయల్దేరి వచ్చెయ్యండి.

ఇట్లు,
మీ ఆవిడ