పదిహేను నిమిషాల దారి

యొకొటె, అక్టోబర్ 3

అక్కా,

చదివాక చింపేసినా సరే, ఒక్కసారి చివరిదాకా చదువు. ఫోనులో నాకు గొంతు పెగలదని నీకు తెలుసు.

ఇరవై నాలుగున అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజు. ఆ రోజే అస్థికల కలశాన్ని నాన్న సమాధిలో పెడతామని బౌద్ధ గుడి నుంచి కార్డు వచ్చింది. నీకు పార్శిల్లో ఒక చిన్న కెమెరా పంపాను. దాన్ని మెడలో వేసుకుని నిలబడితే చాలు, నేనిక్కడ కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని నీ పక్కనే ఉన్నట్టు అన్నీ చూస్తాను. గుడి మనింటికి పదిహేను నిమిషాల నడకే కదా అంటావు. నేను వీధి చివర మందుల దుకాణం దాకా వెళ్ళి ఏడేళ్ళయింది.

అమ్మ పోయిన రోజు సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి నేను హెడ్‌సెట్ పెట్టుకుని వీఆర్‌లో, అదే ఆ కంప్యూటర్ లోకంలో ఉన్నాను. అక్కడ నేను కట్టుకున్న ఇల్లుంది, ముందు వసారా ఉంది. రోజూ పదిమంది దాకా వస్తారు. అక్కడ నా పేరు ముల్లంగి. బయట నోట్లో నాలుక లేనట్టుండే నేను అక్కడ అందరినీ నవ్విస్తానంటే నమ్ముతావా? ఆ నవ్వుల మధ్య దబ్బుమని ఏదో పడ్డ చప్పుడైంది. మావాళ్ళెవరో అక్కడి బల్ల తిరగేశారనుకున్నాను. “ఎవర్రా అది, నా కొంప కూలుస్తున్నారు!” అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు.

అది వంటింట్లో అమ్మ. గంట తర్వాత ఇంటింటికీ తిప్పే వీధి నోటీసుల అట్ట ఇవ్వడానికి పక్కింటి కుడో గారు వచ్చి, చూసి కేకలు పెడితే గాని నేను హెడ్‌సెట్ తియ్యలేదు.

దహనం రోజు బూట్లు తొడుక్కున్నాను కూడా. ‘నువ్వప్పుడు ఇంట్లోనే ఉన్నావుగా?’ అని ఎవరైనా అడుగుతారేమోనని గుమ్మంలోనే కూలబడిపోయాను. మళ్ళీ గదిలోకెళ్ళి, నా వీఆర్ ఇంట్లోనే అమ్మకి కర్మ జరిపించాను. మావాళ్ళు వాళ్ళ వాళ్ళ వీఆర్ వేషాల్లోనే, కుందేళ్ళు, మరమనుషులు, పిల్లి మొహాల వాళ్ళు వరసగా వచ్చి వంగి నమస్కరించారు. చాలా పద్ధతిగా జరిగిందక్కా. కానీ అందరూ వెళ్ళిపోయాక నాకు ఏడుపు రాలేదు, ఆకలేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

కెమెరా పెట్టుకుంటావు కదూ?

నీ తమ్ముడు


మొరియొకా, అక్టోబర్ 9

ఒరేయ్ తమ్ముడూ,

కెమెరా వెనక్కి పంపిస్తున్నాను. పెట్టె కూడా విప్పలేదు.

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను నాలుగు తన్నాలనిపించింది. తర్వాత కూర్చుని ఏడ్చాను. కాస్త ముందు చూసి ఉంటే అమ్మ బతికేదా అని డాక్టర్ని ఆ రోజే అడిగాను. చెప్పలేమన్నాడు. నేనూ చెప్పలేను. నీ తప్పేం లేదని రాస్తే నువ్వూ నమ్మవు, నేనూ నమ్మను.

అస్థికలు ఏరేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో జత వెదురు పుల్లలతో ఒకే ఎముకను పట్టుకుని కలశంలో వెయ్యాలి. మొదటి జత కడుపున పుట్టినవాళ్ళది. నీ చోట మా అత్తగారు నిలబడింది. “మీ తమ్ముడికి సింగపూర్‌లో సెలవు దొరకలేదా అమ్మా?” అంది. దొరకలేదండీ అన్నాను.

అవునురా. మా అత్తవారింట్లో నువ్వు ఏడేళ్ళుగా సింగపూర్‌లో ఉద్యోగం వెలగబెడుతున్నావు. పండగలకీ పబ్బాలకీ నీ కబుర్లు కల్పించి చెబుతుంటాను. మొన్న నీకు ప్రమోషన్ కూడా ఇచ్చాను. నాకు నువ్వంటే సిగ్గుగా ఉండేది. ఆ మాట రాయడానికి ఇంకా సిగ్గుగా ఉంది.

ఇరవై నాలుగున కలశం గుడికి తెస్తాను, కానీ నా చేత్తో సమాధిలో పెట్టను. నువ్వొస్తే ఇద్దరం పెడదాం. రాకపోతే మా ఇంటికే తిరిగి తెచ్చేసుకుంటాను. అమ్మ మా అల్మారాలో ఉండిపోవడం నీకిష్టమైతే రావద్దు.

మీ అక్క
మినాయె


యొకొటె, అక్టోబర్ 25

అక్కా,

నిన్న నీ ముందు ఒక్క మాటా పెగల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ కాస్త దూరానికి నాకు యాభై నిమిషాలు పట్టింది. మూడుసార్లు వెనక్కి తిరిగాను. నాన్న నల్లకోటు చంకల దగ్గర పట్టేసి ఊపిరాడలేదు. నేనొచ్చేసరికి సమాధి మీది పలక తీసేసి ఉంది. కలశం పక్కన నువ్వు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నావు. గుడి గురువుగారు గడియారం చూసుకుంటున్నారు.

“ఎవరమ్మా ఆ అబ్బాయి?” అంది మీ అత్తగారు. దారి పొడుగునా నేను సింగపూర్ గురించి రెండు ముక్కలు వల్లె వేసుకొచ్చాను. నీ మాట పోకూడదని. నువ్వు నన్ను నోరు తెరవనిస్తే కదా!

“మా తమ్ముడండీ, హిసనోరి. సింగపూరూ లేదు, ఏమీ లేదు. ఏడేళ్ళుగా ఇంట్లోంచి బయటికి రాలేదు. మీకు అబద్ధం చెప్పింది నేను. ఇవాళ అమ్మ కోసం వచ్చాడు” అన్నావు. నీ మెడ దాకా ఎర్రబడింది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “అయితే ఆ ప్రమోషన్?”

“అదీ నేనే ఇచ్చానత్తయ్యా.”

“బాగుంది సంబరం! సరే, మీ అమ్మని ఎత్తుకో నాయనా. నిలబడి నిలబడి నా కాళ్ళు పీకుతున్నాయి.”

ఇద్దరం కలిసి పెట్టాం. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. నువ్వు చూడనట్టు పువ్వులు సర్దావు. చూశావని నాకు తెలుసు.

అబద్ధమెందుకు, ఇంటికి రాగానే హెడ్‌సెట్ పెట్టుకున్నాను. రేపటి నుంచి మానేస్తానని కూడా రాయను. వసారాలో మావాళ్ళంతా ఉన్నారు. “ఏరా ముల్లంగీ, పొద్దుటి నుంచి పత్తా లేవు?” అన్నారు. అమ్మని సమాధిలో పెట్టి వచ్చానన్నాను. “ఆ రోజే అయిపోయిందిగా?” అంది పిల్లి మొహం అమ్మాయి. అసలు కర్మకి నేను వెళ్ళనే లేదని చెప్పాను. అమ్మ పోయిన రోజు మేమంతా నవ్విన ఆ చప్పుడేమిటో కూడా చెప్పాను. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, “నీ అసలు పేరేంటి?” అంది. అక్కడ ఎవర్నీ ఎవరూ అడగకూడని మాట అది.

చెప్పానక్కా.

హిసనోరి