బస్సుకు ఎర్రంచు

నాయినా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నువ్వు నడిపిన బస్సు తుక్కుకు పోతుంటే మేమే కొన్నం. సీట్లు పీకేసి, లోపల పొయ్యి పెట్టించి, బీచుపల్లి తొవ్వ పక్కన నిలబెట్టినం. ఇగ అమ్మ దాంట్ల టిఫిన్లు అమ్ముతది.

రంగు కాడనే పంచాయితీ వచ్చింది. పెయింటర్ ఇచ్చిన రంగుల అట్టను అమ్మ ముట్టనన్న ముట్టలేదు. చీరలు నేసే మనిషి గదా, ఇంట్ల ఉన్న గద్వాల చీరలన్నీ తెచ్చి ఎండల బస్సు మీద పరిచింది. కృష్ణ దిక్కునుంచి గాలొచ్చి అన్నీ ఒక్కసారే లేచినయి. నువ్వే మల్ల స్టార్ట్ చేసినవేమో అనుకున్న. ఆఖరికి ఒళ్లంత మామిడిపండు రంగు, కింద ఎర్రంచు అన్నది అమ్మ.

డ్రైవర్ కిటికీ కింద నీ మోచెయ్యి రాపిడికి రంగు పోయి రేకు తేలింది గదా, పెయింటర్ అక్కడ లప్పం పెట్టబోయిండు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గది గట్లనే ఉండనియ్యి."

"తుప్పు పడతదమ్మా!"

"నేను నూనె రాస్తలే."

పొద్దుగాల పోయి చూసిన. బస్సంత పచ్చి రంగు వాసన. ఆ జాగల మాత్రం, అమ్మ తలకు పెట్టుకునే కొబ్బరినూనె వాసన.