జ్యూరీ హోటల్లో దశమి

2008 మార్చి 11, మంగళవారం

జ్యూరీ చర్చ మొదలైంది. ఇక తీర్పు దాకా ఇంటికి పంపరట. కోర్టు నుంచి నేరుగా హోటల్‌కే తెచ్చారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇల్లు ఇక్కడికి దగ్గరే. గదిలో టీవీ తీసేశారు. నా సెల్‌ఫోన్ మాకు కాపలా ఉన్న కోర్టు డెప్యూటీ డోరీన్ దగ్గర. డైరీ ఉంచుకోవచ్చు, కేసు గురించి మాత్రం రాయకూడదు — జడ్జిగారి ఆజ్ఞ. రాయను.

మంచానికి రెండో పక్క దుప్పటి మడత చెదరలేదు. సుభద్ర పోయాక అన్ని మంచాలూ ఇంతే.

మార్చి 12

పేపరు ఇచ్చారు. కేసు వార్త ఉన్నచోట కంత. కంత వెనక వంటల శీర్షిక కూడా సగం ఎగిరిపోయింది... ఉల్లిపాయలు వేగాక ఏం చేయాలో లేదు.

కారిడార్‌లో నడక. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ. డోరీన్ కుర్చీలోంచి — "కార్పెట్ అరిగిపోతోంది సార్."

మార్చి 13

ఫోన్‌కి అనుమతి. స్పీకర్‌లో, ఇంగ్లీషులో, డోరీన్ పక్కన ఉండగా.

అమ్మాయి స్వాతి ఎత్తగానే — "నాన్నా, తిన్నావా?"

డోరీన్ వేలు పైకెత్తింది. "ఇంగ్లీష్, హనీ."

"ఓ, సారీ. డాడ్, పంతులుగారు కాల్ చే... కాల్డ్. ఇండియా నుంచి... ఐ మీన్, హీ ఈజ్ బ్యాక్. లాస్ట్ ఇయర్ ఎక్స్‌ట్రా మంత్ వచ్చిందట. అమ్మది దిస్ సండే!"

సగం తెలుగే. డోరీన్ పట్టించుకోలేదు, నెల దగ్గర ఆగిపోయింది. "ఏడాదికి పదమూడు నెలలా? ఇది కోడ్ కాదు కదా సార్?" నవ్వింది. నవ్వుతూనే రాసుకుంది.

సుభద్ర సంవత్సరీకం, ఫాల్గుణ శుద్ధ దశమి. తిథి ఏటా పదకొండు రోజులు ముందే వస్తుంది కదా అని నేనే లెక్క వేశాను. పంతులుగారు ఊళ్ళో లేరు. ఫిబ్రవరిలో ఇంట్లో ఒక్కణ్ణే నువ్వులు, నీళ్ళు వదిలాను. అధికమాసం సంగతే తట్టలేదు. ఇంజనీరుని!... జ్యూరీకి ఎంచేటప్పుడు ఎవరికైనా ఇబ్బంది ఉందా అని అడిగితే, లేదన్నాను.

మార్చి 14, శుక్రవారం

జడ్జిగారి గదిలో. ఇద్దరు లాయర్లూ ఉన్నారు. చెప్పాను — కొడుకులు లేరు, కర్తను నేనే. జడ్జిగారు పెద్దావిడ, ఓపికగా విన్నది. పంతులుగారిని హోటల్‌కే పిలిపిద్దామా అంది. ప్రాసిక్యూటర్ ఒప్పుకోలేదు. బయటివాళ్ళు జ్యూరర్‌తో అనే ప్రతి మాటా డెప్యూటీకి అర్థం కావాలి, అది నియమం.

"మంత్రాలు ఇంగ్లీషులో చెప్పగలరా ఆయన?"

ఆవిడ నిజంగానే అడిగింది. లేదన్నాను.

అయితే రెండే దారులు. ఉండిపోవడం. లేదా తప్పుకుని ఇంటికి వెళ్ళడం — నా బదులు ఆల్టర్నేట్, అంటే అదనంగా ఎంచి ఉంచిన జ్యూరర్, వస్తాడు, చర్చ మళ్ళీ మొదటి నుంచి. రేపు పొద్దున చెప్పాలి.

ఆ ఆల్టర్నేట్ విచారణలో కునుకు తీసేవాడు.

అదే రోజు, భోజనాలయ్యాక

హెరాల్డ్ భుజం తట్టాడు. జ్యూరీకి పెద్ద ఆయనే. "వెళ్ళిరా. ముందు ఇల్లాలు, తర్వాతే ఏదైనా." మిగతావాళ్ళూ తలలూపారు.

తీర్పుకి పన్నెండుమందీ ఒకే మాట మీదకి రావాలి. చర్చలో వాళ్ళు పదకొండుమంది ఒకవైపు. నేనొక్కణ్ణి ఇంకోవైపు. ఇంతకు మించి రాయకూడదు. నేను పోతే వాళ్ళూ త్వరగా ఇళ్ళకు పోతారు... అందుకేనా? ఏమో. హెరాల్డ్ కళ్ళలో నీళ్ళు నిజమైనవే.

ముద్దాయి తల్లి రోజూ మొదటి వరుసలో —

కొట్టేశాను.

మార్చి 15

తద్దినానికి ముందురోజు కదా, ఒంటిపూట భోజనమే. డోరీన్ తెచ్చిన గుడ్లు వద్దన్నాను. "ఒంట్లో బాగాలేదా?" బాగానే ఉంది.

సుభద్ర ఉంటే ఏమనేదో ఊహించబోయాను. మానుకున్నాను. నాకు అనుకూలమైన జవాబు ఆవిడ చేత చెప్పించలేను.

తిథి తప్పితే ఏదో ప్రాయశ్చిత్తం ఉంటుంది, పంతులుగారు చెబుతారు. నేను లేని గదిలో తీర్పు వస్తే దానికి ఏ ప్రాయశ్చిత్తమూ లేదు. ఇంతవరకూ తర్కం. కానీ ఒకసారి తప్పు నెలలో పిలిచాను ఆవిణ్ణి. ఇప్పుడు సరైన రోజున పిలవకపోతే...

బట్టలు సర్దాను. మళ్ళీ తీసి అలమరలో పెట్టాను. మళ్ళీ సర్దాను.

తలుపు చప్పుడు. డోరీన్. జడ్జిగారు కోర్టుకి వచ్చేశారట, కారు కింద సిద్ధంగా ఉందట.

"బ్యాగ్ కూడా తెచ్చుకుంటున్నారా సార్?"