ఆయన పట్టుకుంటే కప్పగంతులు

అక్కకు, నా కోడిగీతలూ తప్పులూ మన్నించి చదువుకో.

"మా మరిది నీతో మాట్లాడతాడా, ఆ మూలికలతోనేనా?" అని దిగులుగా రాశావు. నిన్నటి సంగతి విను. ఆయన మా ముందుగదిలో ఆయుర్వేదం చెబుతారు కదా, నేర్చుకునేవాళ్లంతా నాన్న ఈడువాళ్లే. నాడి చూడడం నేర్పాలని నన్ను పిలిచి అందరి ముందూ కూర్చోబెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లలో ఒక దర్జీ నా మణికట్టు పట్టుకుని, "హంసలా నిదానంగా నడుస్తోంది, కఫనాడి" అన్నాడు. నర్సమ్మ కూడా అదే మాట. ఆయన తానే పట్టి చూసి, "తప్పు! కప్పలా గెంతుతోంది, పిత్తం" అని ఇద్దరినీ కోప్పడ్డారు. బస్సు డ్రైవరు తాత మళ్లీ చూశాడు. హంసే!

"మేష్టారూ, మీరు పట్టుకుంటేనే కప్ప అవుతోందండీ. మీరు కాస్త దూరంగా కూర్చోండి" అన్నాడు తాత.

గది గదంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత పగలబడి నవ్వారు. పెళ్లయ్యాక ఆ నవ్వు వినడం ఇదే మొదలు.

అమ్మ మోకాళ్లకు తైలం పంపుతున్నాను, గోరువెచ్చగా కాచి రాయి. నా నీలం చీర పంపించు. చంటిదానికి పళ్లొచ్చాయా?

అందరూ వెళ్లాక ఆయన, "ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వు, సరిగ్గా చూస్తాను" అన్నారు. పాలు పొంగిపోయినా వదల్లేదు.

పెద్దవాళ్లకు నా దండాలు. పోస్టుమాన్ ఎలాగూ చదివేస్తాడు, బావగారి కంట మాత్రం పడనివ్వకు. చదవగానే పొయ్యిలో పెట్టెయ్.

నీ చెల్లి